పాత నేలను బాగుచేయకుండా కొత్త నేలను అడగవద్దు

హైదరాబాదు నుంచి ముంబై వైపు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద జహీరాబాద్ దాటాక, కర్ణాటక సరిహద్దుకు ముందు వచ్చే ఊరు చిరాగ్‌పల్లి. లారీ డ్రైవర్లకు ఆ పేరు ఊరిగా కంటే చెక్‌పోస్టుగానే ఎక్కువ తెలుసు. 2017 జూలై 1న జీఎస్టీ రావడంతో వాణిజ్య పన్నుల శాఖ సరిహద్దు తనిఖీలు ఆగిపోయాయి. 2025 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం రవాణా శాఖ చెక్‌పోస్టులన్నిటినీ ఎత్తివేసింది. లంచాల ఆరోపణలతో, అవినీతి నిరోధక శాఖ దాడులతో తరచూ వార్తల్లోకి ఎక్కిన తనిఖీ కేంద్రాలవి. అవి మూతపడినందుకు బాధపడినవాళ్లు మాకు ఎక్కడా కనిపించలేదు.

కానీ ఒక శాఖ తన బల్లలూ కుర్చీలూ సర్దుకొని వెళ్లిపోయాక స్థలం అక్కడే ఉండిపోతుంది. అది సర్కారు స్థలం, అంటే ప్రజల స్థలం. దాన్ని ఎవరు ఏం చేస్తారన్నది చిరాగ్‌పల్లి ఒక్క ఊరి ప్రశ్న కాదు. ఇటువంటి స్థలాలు రాష్ట్రమంతటా ఉన్నాయి. మూతపడిన కర్మాగారాలు, నిండిపోయిన చెత్త డంపులు, వాడకంలో లేని గోదాములు, ఏ శాఖదో ఎవరికీ గుర్తులేని ప్రహరీలు. వీటిలో కొన్ని ఖాళీగా పడి ఉన్నాయి. కొన్ని విషంతో నిండి ఉన్నాయి. కొన్ని రెండూనూ. ఈ నేలలను బాగుచేసి చుట్టుపక్కల జనానికి తిరిగి అక్కరకు వచ్చేలా చేయడం గురించి సంఘాలు ఎందుకు ఆలోచించాలో ఈ వారం చెప్పదలిచాం.

రెండు వార్తలను కలిపి చదవాలి

గత రెండేళ్లలో వచ్చిన రెండు వార్తలను మన పాఠకులు విడివిడిగా చదివే ఉంటారు. వాటిని పక్కపక్కన పెట్టి చూడమని కోరుతున్నాం.

మొదటిది హైదరాబాదుది. 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్ పారిశ్రామిక భూముల పరివర్తన విధానాన్ని ప్రకటించింది. పత్రికలు దీన్ని ‘హిల్ట్’ అంటున్నాయి. బాలానగర్, కాటేదాన్, పటాన్‌చెరు వంటి 22 పారిశ్రామిక వాడల్లోని సుమారు 9,292 ఎకరాలను ఇళ్లకు, కార్యాలయాలకు, దుకాణాలకు వాడుకునేలా మార్చడం దీని ఉద్దేశం. భూమి రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం గాని, పెద్ద రోడ్డు ఉన్నచోట 50 శాతం గాని రుసుముగా చెల్లిస్తే మార్పుకు అనుమతి ఇస్తారు. కాలుష్యం చేసే పరిశ్రమలను ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి పంపుతామని ప్రభుత్వం చెబుతోంది. విలువైన భూములను కారుచౌకగా కట్టబెడుతున్నారని ప్రతిపక్షాలు ఆరోపించాయి. హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యాలు కూడా దాఖలయ్యాయి.

రెండవది జహీరాబాద్‌ది. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో 12,635 ఎకరాల్లో జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలి, అంటే నిమ్జ్, తలపెట్టి పదేళ్లు దాటింది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో 12 పారిశ్రామిక నగరాలకు ఆమోదం తెలిపినప్పుడు అందులో జహీరాబాద్ కూడా ఉంది. తొలి విడతలో 3,245 ఎకరాలు, అంచనా వ్యయం 2,361 కోట్ల రూపాయలు. అదే సంవత్సరం న్యాల్‌కల్ మండలంలో ఔషధ పరిశ్రమల కోసం మరో రెండు వేల ఎకరాలు తీసుకోవాలనే ప్రతిపాదనపై డప్పూరు, మల్గి, వడ్డి గ్రామాల రైతులు ఆందోళనకు దిగారు.

ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి అంటే ఎక్కడికి? రోడ్డు అవతల ఉన్నది ఖాళీ ప్రదేశం కాదు. అక్కడ ఊళ్లున్నాయి. కంది చేలున్నాయి, జొన్న చేలున్నాయి, చెరకు, అల్లం, ఆలుగడ్డ పండే భూములున్నాయి. హైదరాబాదు గొంతు తడిపే మంజీరా ఉంది. నలభై యాభై ఏళ్లు వాడిన నేలను బాగుచేయకుండా పైన మేడలు కట్టి, కొత్త కర్మాగారాలకు పంట నేలను అడగడంలో న్యాయం ఎక్కడుంది? అన్యాయం రెండు చోట్లా జరుగుతుంది. అక్కడ కొత్తగా కాపురానికి వచ్చేవాళ్లకూ జరుగుతుంది, ఇక్కడ భూమి వదులుకొనేవాళ్లకూ జరుగుతుంది.

రేటు గురించి మాట్లాడాం, నేల గురించి మాట్లాడలేదు

హిల్ట్ మీద జరిగిన చర్చలో ఎక్కువ భాగం ధర చుట్టూనే తిరిగింది. ఎకరం ఎంత, ప్రభుత్వానికి ఎంత, యజమానికి ఎంత. ఇవి అడగవలసిన ప్రశ్నలే. పరిశ్రమ పెడతామంటే ఒకప్పుడు ప్రభుత్వం తక్కువ ధరకు ఇచ్చిన భూములవి కాబట్టి పెరిగిన విలువలో ప్రజల వాటా అడగడం న్యాయం. అయితే అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ నేలలో ఏముంది?

మన సంగారెడ్డి జిల్లా వాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతంలో 1970ల నుంచి రసాయన, ఔషధ పరిశ్రమలు వెలిశాయి. వాటి వ్యర్థజలాలు నక్కవాగు మీదుగా మంజీరా దిశగా పారాయి. బావులు పాడయ్యాయి, పంటలు పోయాయి, పశువులు తాగే నీళ్లు లేకుండా పోయాయి. ఆ రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. 2001లో కేసు రాష్ట్ర హైకోర్టుకు బదిలీ అయింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూనే ఈ పోరాటానికి ఏళ్ల తరబడి నిలబడిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివారు లేకపోతే ఈ సంగతి ఇంత దూరం వచ్చేది కాదు. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. శుద్ధి చేసిన నీటి సంగతే అది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో అత్యంత కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాల పేర్లు ప్రకటిస్తే వాటిలో పటాన్‌చెరు–బొల్లారం ఒకటి.

నీరు పారిపోతుంది, గాలి మారిపోతుంది. మట్టి మాత్రం తాను మింగినదాన్ని దాచుకుంటుంది. సీసం, క్రోమియం, ఆర్సెనిక్ వంటి లోహాలు కుళ్లిపోయేవి కావు. కర్మాగారం మూసి ముప్పై ఏళ్లయినా అవి అక్కడే ఉంటాయి. వానాకాలంలో కొంచెం కొంచెంగా భూగర్భ జలంలోకి దిగుతాయి, ఎండాకాలంలో ధూళిగా లేస్తాయి. నేలమీద పాకుతూ చేయి నోట్లో పెట్టుకొనే పసిపిల్లలకు సీసం అందరికంటే ముందు హాని చేస్తుంది. కొన్ని రసాయన ద్రావకాలు ఆవిరై పునాదుల్లోంచి ఇళ్లలోకి వస్తాయి. పైన సిమెంటు పోసి, రంగులు వేసి, గేటు దగ్గర పూలమొక్కలు నాటితే ఇవి పోవు. అప్పుచేసి ఫ్లాటు కొనుక్కున్న కుటుంబానికి ఆ సంగతి చెప్పేవాళ్లు ఉండరు.

కొత్త నియమాలు వచ్చాయి, వాడుకునేవాళ్లు కావాలి

ఇంతకాలం కలుషితమైన స్థలాన్ని ఎవరు గుర్తించాలి, ఎవరు శుభ్రం చేయాలి, ఖర్చు ఎవరు పెట్టాలి అన్నదానికి దేశంలో స్పష్టమైన పద్ధతి లేదు. 2025 జూలైలో కేంద్ర పర్యావరణ శాఖ కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నియమాలను నోటిఫై చేసింది. వాటి సారాంశం సంఘంలోని ప్రతి పెద్దకూ తెలియాలని మా కోరిక.

స్థానిక సంస్థలు, జిల్లా యంత్రాంగం తమ పరిధిలో కాలుష్యం ఉందని అనుమానమున్న స్థలాలను ఆరు నెలలకొకసారి గుర్తించి నమోదు చేయాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లోగా ప్రాథమిక పరీక్ష జరపాలి. అనుమానం నిజమని తేలితే మరో మూడు నెలల్లో వివరంగా సర్వే చేసి, ఆ స్థలం కలుషితమని బహిరంగంగా ప్రకటించాలి. నిపుణుల సంస్థ శుద్ధి ప్రణాళిక తయారుచేయాలి. ఖర్చు కాలుష్యం చేసినవాడిదే. వాడు దొరక్కపోయినా, ఇచ్చుకోలేని స్థితిలో ఉన్నా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరించాలి.

లోపాలూ ఉన్నాయి. స్థలం కలుషితమని తేలాక ఎన్నేళ్లలో శుభ్రం చేసి తీరాలన్న గడువు ఈ నియమాల్లో లేదు. గనులు, ఊరి చెత్త డంపులు వీటి పరిధిలోకి రావు. దేశంలో ఇప్పటిదాకా గుర్తించిన కలుషిత స్థలాలు 103 అయితే శుద్ధి మొదలైనవి ఏడు మాత్రమేనని ఈ నియమాలు వచ్చిన రోజుల్లో వార్తలు వెలువడ్డాయి. ఇంత పెద్ద దేశంలో ఏడు.

అయినా ఒక తలుపు తెరుచుకుంది. పేరు నమోదు చేయవలసింది స్థానిక సంస్థ అన్నారు కాబట్టి పంచాయతీకి, పురపాలక సంఘానికి ఒక అర్జీ పెట్టే అవకాశం ప్రజలకు వచ్చింది. ఎవరూ అడగకపోతే ఆ పట్టికలో మన ఊళ్ల పేర్లు ఎక్కవు.

ఇతరుల అనుభవం

భోపాల్‌ను చూడండి. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు వెలువడింది. ఆ కర్మాగారం స్థలం 1998లో మధ్యప్రదేశ్ ప్రభుత్వానికి తిరిగి వచ్చింది. ఊరి నడుమ అంత సర్కారు భూమి దశాబ్దాలపాటు ఎవరికీ పనికిరాకుండా పడి ఉంది. చుట్టుపక్కల బస్తీల చేతిపంపుల్లోకి విషం దిగింది. ప్రమాదం జరిగిన 40 ఏళ్ల తర్వాత, 2025 జనవరి మొదటి రాత్రి, అక్కడ నిల్వ ఉన్న 337 టన్నుల వ్యర్థాలను 12 కంటైనర్లలో సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని పీతంపూర్‌కు తరలించారు. పీతంపూర్ ప్రజలు రోడ్డెక్కారు. భోపాల్ విషం మా ఊరికి ఎందుకని అడిగారు. ఆ ఏడాది జూన్ చివరికి వ్యర్థాలను కాల్చివేశారు. స్థలంలోని మట్టికి మాత్రం వైద్యం మిగిలే ఉంది. ఒక ఊరి విషం మరో ఊరి గుమ్మంలోకి వెళ్లకుండా శుద్ధి జరగాలన్న పాఠం మనకు ఇక్కడ దొరుకుతుంది.

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో లవ్ కెనాల్ అనే చోటు ఉంది. ఒక రసాయనాల కంపెనీ 20 వేల టన్నులకు పైగా వ్యర్థాలను పాత కాలువలో పూడ్చి, 1953లో ఆ స్థలాన్ని స్థానిక పాఠశాల బోర్డుకు ఒక్క డాలరుకు ఇచ్చింది. బోర్డు అక్కడ బడి కట్టింది. చుట్టూ ఇళ్లు లేచాయి. పాతికేళ్లకు ఇళ్ల నేలమాళిగల్లోకి రసాయనాలు ఊరడం మొదలైంది. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను ఖాళీ చేయించారు. ఆ తల్లుల పోరాటం ఫలితంగానే 1980లో అమెరికా కలుషిత స్థలాల శుద్ధికి ప్రత్యేక నిధితో చట్టం చేసింది. చవకగా వచ్చిందని ప్రజాసంస్థ తీసుకున్న భూమి పిల్లలకు ఎంత ఖరీదైందో అందరం గుర్తుంచుకోవాలి.

మంచి ఉదాహరణలు లేకపోలేదు. ఇండోర్ నగరంలో దేవ్‌గురాడియా దగ్గర సుమారు వంద ఎకరాల్లో ఏళ్లనాటి చెత్త గుట్టలు ఉండేవి. 2018 నాటికి నగరపాలక సంస్థ యంత్రాలు అద్దెకు తీసుకొని పది లక్షల టన్నులకు పైగా పాత చెత్తను తవ్వి, జల్లించి, మట్టిని, ప్లాస్టిక్‌ను, రాళ్లను వేరుచేసింది. ఖాళీ అయిన నేలలో చెట్లు పెంచారు. 2022 ఫిబ్రవరిలో అక్కడే రోజుకు 550 టన్నుల తడిచెత్త నుంచి గ్యాస్ తీసే కేంద్రం ప్రారంభమైంది. దానికి అద్భుతమైన శాస్త్రం ఏమీ అక్కరలేకపోయింది. చేయాలన్న పట్టుదల, రోజువారీ లెక్క, చెత్తను ఇంటి దగ్గరే వేరుచేసే జనం, ఈ మూడూ సరిపోయాయి. ఇండోర్ చేయగలిగినది జహీరాబాద్ చేయలేదా?

పడావు భూమిని ఇక్కడి స్త్రీలు ఏం చేశారు

జవాబు కోసం ఇండోర్ దాకా వెళ్లనక్కరలేదు. జహీరాబాద్ పక్కనే ఉన్న పస్తాపూర్ పేరు ప్రపంచంలో చాలామందికి తెలుసు. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఈ ప్రాంతపు పేద స్త్రీలతో, వారిలో అత్యధికులు దళిత స్త్రీలు, ఊరూరా సంఘాలు ఏర్పాటుచేసింది. 2023 మార్చిలో కన్నుమూసిన పి.వి. సతీష్ ఆ సంస్థను నడిపినవారిలో ముఖ్యులు.

భూసంస్కరణల్లో ప్రభుత్వం లావణి పట్టాలు ఇచ్చింది. కానీ ఇచ్చినది చాలావరకు రాళ్లూ మొరమూ ఉన్న, పైమట్టి కొట్టుకుపోయిన నేల. దున్నడానికి ఎడ్లు లేవు, వేయడానికి ఎరువు లేదు, కాబట్టి ఎక్కువ భాగం పడావు పడింది. యజమాని కూలికి పోయేవాడు, భూమి బీడుగా ఉండేది. 1990ల మధ్యలో ఈ స్త్రీలు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సహాయంతో 30కి పైగా గ్రామాల్లో 2,500 ఎకరాలకు పైగా పడావు భూమిని సాగులోకి తెచ్చారు. పద్ధతి సులభమైనది. దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి రైతుకు అప్పు ఇచ్చారు. రైతు ఆ అప్పును డబ్బుగా కాక జొన్నలుగా కొన్ని సంవత్సరాల్లో తిరిగి తీర్చాడు. ఆ జొన్నలను ఊళ్లోనే పాతర్లలో నిల్వచేశారు. ఊళ్లో ఎవరి ఇల్లు ఎంత పేదదో స్త్రీలే కూర్చొని తేల్చారు. ఆకలి కాలంలో ఆ ఇళ్లకు తక్కువ ధరకు జొన్నలు ఇచ్చారు.

ఒక్క ఏర్పాటుతో పనికిరాదన్న నేల పంటకు వచ్చింది, కూలివాడికి సొంత చేనిలో పని దొరికింది, పశువులకు చొప్ప దొరికింది, పేద ఇంటికి తిండి దొరికింది. బయటి సహాయం వచ్చిన మాట నిజమే. కానీ ఏ చేను, ఏ విత్తనం, ఎవరికి ధాన్యం అన్న నిర్ణయాలు ఊరి స్త్రీలవి. సర్కారు నేల బాగుపడటం అంటే జనం బాగుపడటం అని చెప్పడానికి మన కళ్ల ముందున్న సాక్ష్యం ఇది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ స్త్రీలకు వచ్చింది.

విషం ఎక్కిన నేలకూ మొరం నేలకూ తేడా ఉంది. రసాయనాలు ఇంకిన చోట జొన్న వేయకూడదు, వేస్తే విషం గింజలోకి ఎక్కవచ్చు. అక్కడ ముందు నిపుణుల పరీక్ష, ఆ తర్వాత శుద్ధి, ఆ పైన తగిన వాడకం. కొన్నిచోట్ల మట్టి తీసివేయాలి, కొన్నిచోట్ల చేరనీయకుండా పైన కప్పాలి, కొన్నిచోట్ల చెట్లే చాలు. అయితే జహీరాబాద్ స్త్రీలు నేర్పిన సూత్రం రెంటికీ ఒకటే. ఆ నేల పక్కన బతుకుతున్నవాళ్లు నిర్ణయంలో ఉండాలి, ఫలంలో ఉండాలి.

యాజకుడు ముందు గోడను చూశాడు

లేవీయకాండము 14వ అధ్యాయాన్ని మన సంఘాల్లో అరుదుగా చదువుతాం. ఇంటి గోడలకు పొడ పుట్టినప్పుడు ఏం చేయాలో అందులో వివరంగా ఉంది. ఇంటి యజమాని తానే వచ్చి సంగతి చెప్పాలి. యాజకుడు స్వయంగా వెళ్లి గోడలు చూడాలి. ఇంటిని ఏడు రోజులు మూసి ఉంచి మళ్లీ చూడాలి. పొడ వ్యాపిస్తే ఆ రాళ్లను ఊడదీసి ఊరి బయట అందుకు కేటాయించిన చోట పడవేయాలి. లోపలి గోడలు గీకించాలి. కొత్త రాళ్లు పెట్టి, కొత్త అడుసు పూయాలి. అంతటితో అయిపోలేదు, మళ్లీ చూడాలి. అప్పటికీ తిరిగి వస్తే ఇల్లే పడగొట్టాలి. బాగైతేనే పవిత్రమని ప్రకటించాలి.

వేల ఏళ్లనాటి ఈ క్రమాన్ని గమనించండి. దాచకుండా చెప్పడం మొదటిది. లాభనష్టాలతో సంబంధం లేని మనిషి పరీక్షించడం రెండవది. తీసిన రాళ్లను పొరుగువాడి పెరట్లో వేయకపోవడం మూడవది. పని అయ్యాక మళ్లీ పరీక్షించడం నాలుగవది. నేటి నియమాలు చెప్పేది దాదాపు ఇదే. పొడ ఉన్న గోడకు పైపైన సున్నం కొట్టి బాగుందని ప్రకటించే అధికారం యాజకుడికి లేదు. ప్రభుత్వానికీ ఉండకూడదు.

ఉద్యోగాల మాటేమిటి?

ఈ సంపాదకీయం చదివి కొందరు యువకులు మమ్మల్ని నిలదీస్తారని తెలుసు. డిగ్రీలు చదివి పని లేక పటాన్‌చెరుకూ హైదరాబాదుకూ బస్సుల్లో తిరిగే మన పిల్లలకు పరిశ్రమలు వద్దా? కావాలి. జహీరాబాద్‌లో ట్రాక్టర్ల కర్మాగారం ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది. పరిశ్రమను శత్రువుగా చూడటం మా ఉద్దేశం కాదు. హైదరాబాదు నడిబొడ్డున నివాసాల మధ్య రసాయన కర్మాగారాలు ఉండకూడదన్న ప్రభుత్వ వాదనలోనూ నిజముంది.

మేము అడిగేది వరుస. బాలానగర్‌లోనో పటాన్‌చెరులోనో ఒక స్థలం వాడకం మారేముందు దాని మట్టిని, నీటిని పరీక్షించి ఫలితాన్ని బహిరంగంగా పెట్టాలి. పాత యజమాని శుద్ధి ఖర్చు కట్టాకే లాభం తీసుకోవాలి. ప్రభుత్వానికి వచ్చే రుసుములో కొంత భాగం ఇన్నేళ్లు ఆ కాలుష్యం భరించిన బస్తీలకు, చెరువులకు తిరిగి వెళ్లాలి. ఇక్కడికి వచ్చే పరిశ్రమ తన వ్యర్థాలను ఏం చేస్తుందో పునాది రాయికి ముందే గ్రామసభలో చెప్పాలి. భూమి ఇచ్చిన ఇంటికి ఉద్యోగం రాతపూర్వకంగా ఉండాలి. పట్టా కాగితం సరిగా లేని అసైన్డ్ రైతుకూ, భూమే లేని కూలికీ పరిహారంలో చోటుండాలి. రాజు అడిగినా నాబోతు తన ద్రాక్షతోట ఇవ్వనన్నాడు. ఆ కథలో దేవుడు నిలబడింది రాజు పక్కన కాదు.

శుద్ధి పని కూడా ఉద్యోగమేనన్నది మరచిపోవద్దు. మట్టి పరీక్షించేవాళ్లు, తవ్వేవాళ్లు, జల్లించేవాళ్లు, మొక్కలు పెంచేవాళ్లు, నీటిని ఏళ్ల తరబడి గమనించేవాళ్లు కావాలి. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివిన స్థానిక యువతకు ఈ పనుల్లో శిక్షణ ఇవ్వవచ్చు. ముఖానికి గుడ్డ, చేతికి తొడుగు లేకుండా అత్యంత పేదవాడిని ఆ మట్టిలోకి దించకుండా చూడటం మాత్రం మన బాధ్యత. ఊరి మురికి ఎత్తే పనిని కులం పేరుతో కొందరి నెత్తిన పెట్టిన చరిత్ర మనది. శుద్ధి పేరుతో అదే మళ్లీ జరగకూడదు.

సంఘాలు ఏం చేయగలవు

మెదక్ కథీడ్రల్ సంగతి మన ప్రాంతంలో అందరికీ తెలిసిందే. కరవు రోజుల్లో ఆకలితో ఉన్నవాళ్లకు పని, పనికి తిండి ఇచ్చి చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ మందిరాన్ని కట్టించారు. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠ అయింది. మన పెద్దలకు ఒక నేలను, ఆ నేల మీది జనం ఆకలిని కలిపి చూడటం తెలుసు. ఆ చూపు మనకూ కావాలి. అందుకు ఈ కొన్ని పనులు.

ఒకటి, ప్రతి సంఘం తన ఊరి సర్కారు స్థలాలను ఒకసారి చూసి రావాలి. ఏ శాఖది, ఎంతకాలంగా ఖాళీ, అక్కడ ఒకప్పుడు ఏం జరిగేది, పక్కన బోరు నీళ్లు ఎలా ఉన్నాయి అన్న నాలుగు ప్రశ్నలతో ఒక కాగితం రాసుకుంటే చాలు. ఊరి ముసలివాళ్లకు ఇవన్నీ గుర్తుంటాయి.

రెండు, అనుమానమున్న స్థలాల పేర్లతో పంచాయతీకి గాని పురపాలక సంఘానికి గాని అర్జీ ఇచ్చి, కొత్త నియమాల కింద నమోదు చేయమని కోరాలి. రసీదు తీసుకోవాలి. మసీదు పెద్దలను, గుడి కమిటీని, మహిళా సంఘాలను కలుపుకొని వెళ్లాలి. విషం మతం చూసి ఇంట్లోకి రాదు.

మూడు, చిరాగ్‌పల్లి వంటి ఊళ్లలో ఖాళీ అయిన చెక్‌పోస్టుల స్థలాలపై గ్రామసభ తీర్మానం చేయాలి. ఏళ్లపాటు లారీలు నిలిచిన నేల ఎక్కడైనా డీజిలు, ఇంజను నూనె తాగి ఉండే అవకాశం ఉంది గనుక ముందు మట్టి పరీక్ష అడగాలి. ఆ తర్వాత రహదారి ప్రమాద బాధితులకు ప్రథమ చికిత్స కేంద్రమో, లారీ డ్రైవర్లు స్నానం చేసి కంటినిండా నిద్రపోయే విశ్రాంతి గృహమో, చుట్టుపక్కల రైతులు అల్లం, ఆలుగడ్డ, జొన్నలు అమ్ముకునే సంతో, ఏది కావాలో ఊరే తేల్చుకోవాలి. ఊరు నోరు తెరవకపోతే వేలంపాట వచ్చి తేలుస్తుంది.

నాలుగు, ఇల్లు కొనబోయే విశ్వాసులకు కాపరులు ఒక మాట చెప్పాలి. పాత పారిశ్రామిక వాడలో ఫ్లాటు చూస్తున్నప్పుడు పత్రాలతోపాటు మట్టి, నీటి పరీక్షల నివేదిక అడగమనాలి. కొనేవాళ్లు అడగడం మొదలుపెడితే అమ్మేవాళ్లు చేయించక తప్పదు.

ఐదు, మన సంఘాల స్థలాల నుంచే మొదలుపెట్టాలి. మిషనరీల కాలంనాటి ఆవరణల్లో పాడుబడిన హాస్టళ్లు, ముళ్లకంపలు మొలిచిన ఆటస్థలాలు, గోడ వెంబడి చెత్త గుట్టలు లేవా? ఒక మూల బాలవాడి, ఒక మూల కూరగాయల మడి, ఊరి పిల్లలకు సాయంత్రం చదువుకునే గది పెట్టలేమా? సొంత ఆవరణను బీడుగా ఉంచుకొని సర్కారును నిలదీస్తే ఎవరు వింటారు?

యెరికో నీళ్లు మంచివి కావని, నేల ఫలించడం లేదని ఆ ఊరివాళ్లే ఎలీషా దగ్గరికి వచ్చి చెప్పారు. ఊరు చక్కగానే ఉందని కూడా చెప్పారు. ఊరి మీద ప్రేమ, నీటి గురించి నిజం, రెండూ ఒకే మాటలో ఉన్నాయి. ప్రవక్త ఆ ఊరిని విడిచి మరోచోటికి పొమ్మనలేదు. ఊట దగ్గరికి వెళ్లి నీటిని బాగుచేశాడు.

మన పాలకులను కూడా అదే అడుగుదాం. ముందు పాడుచేసిన చోటికి వెళ్లండి, ఊట దగ్గర పని మొదలుపెట్టండి, అది ముగిశాక కొత్త నేల సంగతి మాతో కూర్చొని మాట్లాడండి. వచ్చే గ్రామసభ తేదీ తెలుసుకొని, మీ సంఘం నుంచి కనీసం ఇద్దరు స్త్రీలు, ఇద్దరు యువకులు అర్జీతో అక్కడ ఉండేలా ఈ ఆదివారమే నిర్ణయించుకోండి.